వరద వేళ దీపం ఆరితే

సూరత్ నగరంలో నిశ్శబ్దం అరుదైన వస్తువు. లింబాయత్, ఉధ్నా, పాండేసరా పేటలలో పగలనక రాత్రనక మరమగ్గాలు ఆడుతూనే ఉంటాయి. ఆ మగ్గాల నడుమ తెలుగు మాట వినబడటం వింత కాదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నడుపుతూ వచ్చింది. సిరిసిల్లలో సాంచాలని పిలిచే ఈ యంత్రాల హోరులోనే ఆ పిల్లలు నిద్రపోతారు. హోరు ఆగితేనే వారికి మెలకువ వస్తుందంటే అతిశయోక్తి కాదు.

2006 ఆగస్టు మాసంలో ఆ హోరు ఆగిపోయింది.

తపతి నదిని స్థానికులు తాపీ అంటారు. తెలుగులో ఆ మాటకు తొందర లేకపోవడమని అర్థం. ఆ వారం నదికి మాత్రం ఆ గుణం లేదు. ఎగువన మధ్యప్రదేశ్‌లోను, మహారాష్ట్రలోను కుంభవృష్టి కురిసింది. నగరానికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువన, 1972లో పూర్తయిన ఉకాయ్ జలాశయం నిండుకుండ అయింది. ఆగస్టు 7 నుంచి గేట్ల గుండా విడుదల చేసిన నీరు పెరిగి పెరిగి 9 లక్షల క్యూసెక్కులను తాకింది. సూరత్‌లో హోప్ వంతెన వద్ద నీటిమట్టం 9.5 మీటర్లు చేరితే ప్రమాదమని లెక్క. ఆనాడు అది 12 మీటర్లు దాటింది. నగరంలో దాదాపు మూడు వంతులకు పైగా నీట మునిగింది. అడాజణ్, రాందేర్, అఠ్వా వంటి పేటలలో నేల అంతస్తులు పూర్తిగా కనుమరుగయ్యాయి.

వరద ముమ్మరించిన ఆగస్టు 9వ తేదీ శ్రావణ పూర్ణిమ. నేతవారికి అది నూలి పున్నమి, కొత్త జంధ్యం వేసుకొనే పర్వదినం. చాంద్రమానానికీ సముద్రానికీ ఉన్న బంధుత్వం ఆనాడు నగరానికి శత్రువయింది. పున్నమికి పోటు ఎక్కువ. సూరత్ దిగువన తపతి కలిసే ఖంభాత్ సింధుశాఖ ముఖం దేశంలోనే పెద్ద పోట్లకు పేరుపడ్డది. ఎగువ నుంచి నది తోస్తుంటే దిగువ నుంచి సముద్రం ఎదురు తోసింది. నీరు నగరంలోనే నిలబడిపోయింది.

వరదనీరు గడప తొక్కకముందే అనేక ఇళ్లలో కరెంటు పోయింది. తరువాత రోజుల తరబడి రాలేదు. టెలిఫోన్లు మూగబోయాయి, సెల్‌ఫోన్ టవర్లు ఒకటొకటిగా ఆగిపోయాయి. సైన్యం పడవల మీద వచ్చింది. హెలికాప్టర్లు మేడల మీదికి ఆహార పొట్లాలను, నీటి సంచులను జారవిడిచాయి. ఉకాయ్ ఆనకట్ట వద్ద 300 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఉన్నది. ఏ నీరు దీపాన్ని వెలిగిస్తుందో ఆ నీరే దీపాన్ని ఆర్పింది.

ఆర్పిన దీపం, ఆరిన దీపం

విద్యుత్ నిలిచిపోవడం రెండు తీరులు. వీటి తేడా తెలియక గృహస్థులు చేసే ఏర్పాట్లు తరచు తప్పుదారి పడుతుంటాయి.

మొదటిది గాలి తెచ్చేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు వేలాది విద్యుత్ స్తంభాలు నేలకూలాయి. తీగలు తెగాయి, నగరం రోజుల తరబడి అంధకారంలో మగ్గింది. ఇది ఆరిన దీపం. ఇటువంటి చోట ఇల్లు సాధారణంగా పొడిగానే ఉంటుంది. లోపం వీధిలో ఉంటుంది.

రెండవది వరద తెచ్చేది. స్తంభాలు నిలిచే ఉంటాయి, తీగలు తెగవు. అయినా విద్యుత్ సిబ్బంది బుద్ధిపూర్వకంగా సరఫరాను ఆపివేస్తారు. ఉపకేంద్రంలోకి, వీధి మూలనున్న ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీదికి, ఇళ్ల నేల అంతస్తులోని మీటరు పెట్టెల్లోకి నీరు చేరినప్పుడు కరెంటును అలాగే వదిలితే వీధి వీధంతా ఉచ్చుగా మారుతుంది. ఇది ఆర్పిన దీపం. దానిని ఆర్పినవారు ప్రాణాలు కాపాడుతున్నారన్నమాట. కనుక ఫోను చేసి కోప్పడటం వృథా. నీరు తీసి, బురద కడిగి, పరికరాలు ఆరి, పరీక్షలు జరిగిన తరువాతనే అది తిరిగి వెలుగుతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు తెలుగువారు దీనిని స్వయంగా అనుభవించారు. మరునాడు ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహిస్తుండగా, మేడల మీద ఉన్నవారు చీకట్లో కూర్చొని పడవల కోసం ఎదురుచూశారు.

గాలివాన చీకటికి సిద్ధపడే గృహస్థు కొవ్వొత్తులు కొంటాడు. వరద చీకటికి అది చాలదు. ఇక్కడ కావలసినవి మూడు: ఎత్తు, నీరు, నాలుగైదు రోజుల ఓర్పు.

మొదట కొరతపడేది వెలుతురు కాదు

చుట్టూ సముద్రంలా నీరు, తాగడానికి చుక్క లేదు. 2006లో సూరత్ అపార్ట్‌మెంట్ల పై అంతస్తులవారికి ఎదురయిన మొదటి కష్టం ఇదే. కారణం సులభంగానే అర్థమవుతుంది. పట్టణపు ఇంట్లో నీరు విద్యుత్తు వెంట నడుస్తుంది. వీధి గొట్టం నుంచి నేలలోని సంపులోకి వచ్చిన నీటిని మోటారు పైకి తోడితేనే కుళాయి తిరుగుతుంది. కరెంటు ఆగగానే తోడటం ఆగుతుంది. వరద వచ్చిందా, సంపులోకి మురుగునీరు దిగుతుంది, మోటారు మునుగుతుంది. ఇక ఆ భవనానికి మిగిలేది కప్పు మీది ట్యాంకులో ఆ క్షణాన ఎంత ఉంటే అంత.

ఆ ట్యాంకు నిండుగా ఉందా లేదా అన్నది ఎవరికీ గుర్తుండదు. హెచ్చరిక వినబడిన గంటలోనే మోటారు వేసి దానిని అంచుదాకా నింపడం, నింపిన వెంటనే సంపు మూతను బిగించి మట్టితోనో ప్లాస్టిక్ గుడ్డతోనో సందులు మూయడం ఇంటివారి మొదటి పని కావాలి. తరువాత పని మరింత కష్టమైనది: పొరుగువారితో మాట్లాడడం. పది వాటాలున్న భవనంలో పై ట్యాంకు కవాటం తెరిచే ఉంచితే, ఎవరో మరచి వదిలిన ఒక్క కుళాయి ఒక్క పూటలో అందరి నీటినీ కాజేస్తుంది. కవాటం మూసి, ఉదయమొకసారి సాయంత్రమొకసారి మాత్రమే తెరుద్దామని ముందే అనుకొన్న భవనాలలో తగవులు రావు.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు వేసుకోవచ్చు. అయిదుగురున్న కుటుంబానికి నాలుగు రోజులకు 100 లీటర్లు. మూతలున్న బిందెలు, క్యాన్లు, శుభ్రంగా కడిగిన బకెట్లు అన్నీ కలిపితే మధ్యతరగతి ఇంట్లో ఇది అసాధ్యమేమీ కాదు. స్నానాలగదిలోని డ్రమ్ము దీనికి అదనం; మరుగుదొడ్డికి నీరు వేరుగా కావాలి కదా. అనుమానమున్న నీటిని తెర్లే దాకా కాచి, తెర్లిన పిమ్మట మరొక నిమిషమైనా పొయ్యిమీద ఉంచాలి. క్లోరిన్ బిళ్లలు ఇంట్లో ఉంటే ఇంధనం ఆదా అవుతుంది. వాటి పొట్లం మీద అచ్చువేసిన కొలతను పాటించాలి తప్ప ఊహతో వేయరాదు. విద్యుత్తుతో పనిచేసే నీటిశుద్ధి యంత్రం ఈ రోజుల్లో గోడకు అలంకారం మాత్రమే.

పొయ్యి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇండక్షన్ పొయ్యిని నమ్ముకొన్న ఇంటికి కరెంటుతోపాటు వంటా పోతుంది. గ్యాసు పొయ్యికి ఆ బాధ లేదు కానీ, సిలిండరుకు మరో గుణం ఉన్నది: అది తేలుతుంది. నిండు సిలిండరు బరువు సుమారు 30 కిలోలు. అది తోసివేసే నీటి బరువు అంతకన్న ఎక్కువ. నేల అంతస్తు వంటగదిలో నీరు పెరిగినప్పుడు గొట్టంతో సహా అది లేచి అటూ ఇటూ కొట్టుకొంటుంది. కవాటం కట్టివేసి, గొట్టం విప్పి, సిలిండరును పై అంతస్తుకు చేర్చాలి; వీలుకాకపోతే కిటికీ ఊచకు తాడుతో బిగించి కట్టాలి.

పదమూడవ అంతస్తు పాఠం

ఎత్తు విషయంలో చిన్న నిర్లక్ష్యం ఎంత పని చేస్తుందో ప్రపంచానికి చూపినది సూరత్ కాదు, న్యూయార్క్. 2012 అక్టోబరు చివర శాండీ తుపాను ఆ నగరాన్ని ముంచెత్తినప్పుడు బెల్‌వ్యూ అనే ప్రసిద్ధమైన ఆసుపత్రిలో అత్యవసర జనరేటర్లు పదమూడవ అంతస్తులో క్షేమంగానే ఉన్నాయి. వాటికి ఇంధనం తోడే పంపులు మాత్రం నేలమాళిగలో ఉన్నాయి. నేలమాళిగ మునిగింది. సిబ్బంది, సైనికులు మెట్లమీద వరుసగా నిలబడి, చేతులు మార్చుకొంటూ ఇంధనాన్ని పదమూడు అంతస్తులు మోశారు. చివరకు రోగులందరినీ ఖాళీ చేయించక తప్పలేదు.

మన ఇళ్లలో ఈ కథ చిన్న ప్రమాణంలో జరుగుతుంటుంది. ఇన్వర్టరు గోడకు తగిలించి ఉంటుంది. దాని బ్యాటరీ నేలమీద, మెట్లకింద, సందులో ఉంటుంది. సాధారణంగా ఇళ్లలో వాడే 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 50 కిలోలకు పైగా తూగుతుంది. అర్ధరాత్రి మోకాలిలోతు నీటిలో నిలబడి ఒక్క మనిషి దానిని ఎత్తలేడు. ఎత్తబోవడం ప్రమాదం కూడా. వేసవిలోనే ఇటుకలతో మూడడుగుల దిమ్మె కట్టించి, గాలి ఆడే చోట, దాని మీద బ్యాటరీని కూర్చోబెట్టడమే ఉపాయం. ఛార్జి అయ్యే వేళ అటువంటి బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. కాబట్టి మూసిన అలమరలో పెట్టడం, పక్కన దీపారాధన చేయడం రెండూ తగవు.

ఆ బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుందన్న ప్రశ్నకు అమ్మేవారు చెప్పే జవాబు ఒక పూట కోతను దృష్టిలో ఉంచుకొని చెప్పేది. నాలుగు రోజుల లెక్క వేరు. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్ల శక్తి ఉన్నది. నష్టాలు పోను చేతికందేది 1,250 అనుకొందాం. 75 వాట్ల పాత పంకా ఒకటి, 9 వాట్ల ఎల్‌ఇడి దీపాలు రెండు వాడితే, ఇన్వర్టరు తాను తినే కాస్త కలుపుకొని, 12 గంటలలో అది ఖాళీ అవుతుంది. పంకా స్థానంలో 30 వాట్లతో తిరిగే కొత్తరకం బి.ఎల్.డి.సి. పంకా ఉంటే 20 గంటలు. పంకా మాట మరచి, రాత్రి ఆరు గంటలు మాత్రమే రెండు దీపాలు వెలిగించి, మిగతా సమయమంతా ఇన్వర్టరునే ఆపివేస్తే అయిదారు రాత్రులు గడుస్తాయి. బ్యాటరీ అదే, మారినది వాడకం. టెలివిజన్ కోసం మొదటి రాత్రే దానిని ఖర్చు చేసినవారికి రెండవ రాత్రి ఫోను ఛార్జి చేసుకొనే దారి కూడా ఉండదు.

భవనాల విషయంలో ఇదే సూత్రాన్ని వాస్తుశిల్పులు ఏనాడో గ్రహించవలసింది. మీటర్ల పలక, నీటి మోటారు, జనరేటరు అన్నిటినీ నేలమాళిగలోకి నెట్టడం స్థలం కలిసివస్తుందన్న ఆశతోనే. ఆ ఆశకు వరద సంవత్సరంలో చెల్లించే మూల్యం చాలా పెద్దది. లిఫ్టును హెచ్చరిక రాగానే పై అంతస్తులో నిలిపి, మెయిన్ స్విచ్చి తీసివేయాలి. దాని గుంతలోకి నీరు దిగడం ఖాయం. మనిషి లోపల ఉండగా దీపం పోవడం అంతకన్న ఘోరం.

కప్పుమీద సూర్యుడు, ఇంట్లో చీకటి

ఇళ్ల కప్పుల మీద సౌరఫలకాలు పెట్టడంలో గుజరాత్ దేశానికి దారి చూపిన రాష్ట్రాలలో ఒకటి. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకంతో ఇది మిగతా రాష్ట్రాలకూ వేగంగా వ్యాపిస్తున్నది. ఫలకాలు పెట్టించుకొన్న గృహస్థు, ఇక తనకు కరెంటు కోతల భయం లేదని భావిస్తాడు. వీధిలో కరెంటు పోయిన తొలి మధ్యాహ్నం, ఎండ కాస్తుండగా తన ఇంట్లోనూ దీపం ఆరిపోవడం చూసి నివ్వెరపోతాడు.

యంత్రంలో లోపమేమీ లేదు. బ్యాటరీ లేకుండా వీధి తీగతో జతచేసిన సౌరవ్యవస్థ, వీధిలో కరెంటు లేనప్పుడు తనంతట తాను ఆగిపోయేలా నిర్మితమైనది. ఆగకపోతే ఆ ఇంటి కరెంటు వెనుకకు ప్రవహించి, తీగ చచ్చినదన్న నమ్మకంతో స్తంభమెక్కిన మనిషిని బలిగొంటుంది. ఇంట్లోని 230 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మర్ గుండా తిరుగుముఖం పడితే 11,000 వోల్టులవుతాయి. అద్దెకు తెచ్చిన జనరేటరును సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించాలనుకొనేవారు చేసే పని కూడా ఇదే. మార్పిడి స్విచ్చి లేకుండా జనరేటరును ఇంటి తీగలకు కలపడం హత్యాయత్నంతో సమానమంటే కఠినంగా వినిపించవచ్చును గాని అసత్యం కాదు. జనరేటరును గదిలోను, వరండాలోను, కిటికీ కింద నడపరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. సౌరఫలకాలున్నవారు, బ్యాటరీని కలుపుకొని పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు తమకు ఉన్నదో లేదో వానకాలానికి ముందే విచారించుకోవడం మంచిది.

అలమరలోని చిన్నవస్తువులు

శీతలయంత్రం తలుపు తెరవకపోతే లోపలి పదార్థాలు సుమారు నాలుగు గంటలు సురక్షితంగా ఉంటాయి. నిండుగా ఉన్న ఫ్రీజరు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లదనాన్ని నిలుపుకొంటుంది. పాలు, కూరలు పోతే పోయాయి. ఇన్సులిన్ అలా కాదు. వాడుకలో ఉన్న సీసాను 30 డిగ్రీలు దాటని చోట నాలుగు వారాల వరకు బయట ఉంచవచ్చునని వైద్యులు చెబుతారు. రకాన్ని బట్టి తేడాలుంటాయి గనుక ముందే అడిగి రాసిపెట్టుకోవాలి. మన పెద్దలెరిగిన తడిమట్టికుండ ఇక్కడ అక్కరకు వస్తుంది. కుండలో కొద్దిగా నీరు పోసి, ఇన్సులిన్‌ను తడి తగలని మూతడబ్బాలో పెట్టి అందులో ఉంచి, కుండను నీడలో గాలి తగిలేచోట పెడితే లోపల బయటికన్న చల్లగా ఉంటుంది. ఆక్సిజన్ యంత్రంతో బ్రతుకుతున్న రోగి ఇంట్లో ఉంటే ఇన్వర్టరును నమ్మరాదు. ఆ యంత్రం గంటకు తినే కరెంటు రెండు దీపాలు అనేక రాత్రులు తినేదానికి సమానం. ఒక సిలిండరు సిద్ధంగా ఉండాలి. అంతకన్న మేలు, ఉకాయ్ మట్టం గురించి వార్తలు మొదలుకాగానే రోగిని ఎత్తయిన ప్రాంతంలోని బంధువుల ఇంటికి పంపడం.

వెలుతురుకు టార్చిలైటే ఉత్తమం. కొవ్వొత్తి కింద పడటానికి పసిపిల్లవాడి చేయి చాలు. నీటిలో రెండు చుక్కలు పాలు కలిపిన తెల్లని సీసాను నిలబెట్టిన టార్చి మీద ఉంచితే సూటిగా పోయే వెలుగు గదంతా పరుచుకొంటుంది. బ్యాటరీతో మోగే చిన్న రేడియో పాతకాలపు వస్తువని పారవేయకూడదు. టవర్లు ఆగిన తరువాత లోకవార్త తెచ్చేది అదొక్కటే. ఫోనులోని ముఖ్యమైన అంకెలను కాగితం మీదికి ఎక్కించడానికి పది నిమిషాలు పడుతుంది. ఫోను చచ్చిన తరువాత భార్య నంబరు గుర్తురాని భర్తలు లోకంలో కొల్లలు.

ఒక్క గది ఇల్లు

ఇంతవరకు చెప్పినదంతా మేడ, ఇన్వర్టరు, ట్యాంకు ఉన్నవారికి. సూరత్‌లో సాంచాల మీద బ్రతికేవారిలో అనేకులకు ఇవేవీ లేవు. నేల అంతస్తులో ఒక్క గది, అద్దెకు. లింబాయత్ వంటి పేటల పక్కనుంచి పోయే మీఠీఖాడీ మొదలైన వాగులు తపతి పొంగకపోయినా స్థానికపు వానకే పొంగుతాయి. 2025 జూన్ చివర కురిసిన భారీవర్షానికి ఖాడీల నీరు మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. ఉకాయ్ నుంచి నీరు విడిచినప్పుడు నగరానికి కొన్ని గంటల వ్యవధి దొరుకుతుంది. 2006 తరువాత ఆ వ్యవధిని పెంచడానికి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సహాయంతో ముందస్తు హెచ్చరిక వ్యవస్థ కూడా ఏర్పడింది. ఖాడీ మాత్రం అంత మర్యాద పాటించదు.

ఇటువంటి ఇంటికి సిద్ధపడటమంటే సామాను కొనడం కాదు, స్థలం సంపాదించడం. పై వాటాలోనో, వీధిలోని ఏదో మేడ మీదనో ఒక మూల ఎవరిదన్నది వానలకు ముందే మాట్లాడుకొని ఉంచాలి. ఒకే ఊరినుంచి వచ్చినవారు, కులసంఘం, గుడి కమిటీ ఈ మాట కుదర్చగలవు. పెళ్ళిళ్లకూ చావులకూ ఒక్కటయ్యే వీధి ఈ పనికి కాకపోదు. గదిలో అటక ఉంటే, బియ్యం, మందులు, కాగితాలు, టార్చి, పవర్ బ్యాంకు ఒకే సంచిలో అక్కడ ఉండాలి. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు ఒక ఫోనును ఒకసారైనా పూర్తిగా నింపగలదు. ఫోను రోజుకు రెండుమూడు సార్లు మాత్రమే తెరిస్తే నాలుగు రోజులు నడుస్తుంది.

అన్నిటికన్న చవకైన రక్షణ, ఇల్లు విడిచేముందు మెయిన్ స్విచ్చి ఆపివేయడం. ఇది నీరు రాకముందు, పొడి చేతులతో, పొడి నేలమీద నిలబడి చేయవలసిన పని. నీరు బోర్డును తాకిన తరువాత దాని దరిదాపులకు పోరాదు. మంచంకోడుకు తగిలించిన ఎక్స్‌టెన్షన్ బోర్డు, నేలకు అడుగెత్తున బిగించిన సాకెట్ ఇలాంటి గదులలో మృత్యుద్వారాలు. అద్దెయింటి యజమానిని అడిగి సాకెట్లను నాలుగైదు అడుగుల ఎత్తుకు మార్పించడం పెద్ద ఖర్చు కాదు.

ఆర్.సి.సి.బి. అనే చిన్న మీట మరొకటి ఉన్నది. చాలా ఇళ్లలో ఉండే ఎమ్.సి.బి. తీగలను కాపాడుతుంది, మనిషిని కాదు. 9 వాట్ల చిన్న దీపం తీసుకొనే కరెంటు సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. ఆ కాస్తా గుండెమీదుగా పోతే ప్రాణాంతకం కావచ్చును, ఎమ్.సి.బి.కి మాత్రం అది లెక్కలోనికే రాదు. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అనుక్షణం సరిచూసి, 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడగానే రెప్పపాటులో తెగిపోయేది ఆర్.సి.సి.బి. దాని మీద పరీక్షమీట ఉంటుంది; నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కినా పడకపోతే అది అలంకారమే.

నీరు తీసిన తరువాత

2006లో నీరు వెనక్కు తగ్గినప్పుడు సూరత్ వీధులలో, ఇళ్లలో బురద పేరుకొని ఉన్నది. దానిని ఎత్తిపోయడం నగరానికి మరో పెద్ద యుద్ధమయింది. వరదలో బయటపడినవారికి ప్రమాదం పొంచి ఉండేది ఇటువంటి రోజులలోనే. వీధిలో కరెంటు వచ్చిందన్న కేక వినబడగానే మెయిన్ స్విచ్చి వేయాలన్న ఆత్రం సహజం. గోడ బయటకు ఆరినట్టు కనిపిస్తుంది. గొట్టంలోని తీగల చుట్టూ నీరు ఇంకా ఉంటుంది. బోర్డు వెనుక బురద ఉంటుంది, కొన్నిసార్లు తేళ్లూ పాములూ కూడా.

మునిగిన శీతలయంత్రం, మిక్సీ, నీటి మోటారు, మగ్గం మోటారు ఏదైనా సరే, విప్పి, మంచినీటితో బురద కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మెగ్గర్ అనే పరికరంతో ఇన్సులేషన్ పరీక్షించిన తరువాతనే కరెంటు చూపాలి. తొందరపడి వేసినవాడికి కాలిన తీగచుట్టే మిగులుతుంది. బురద పట్టిన ఎమ్.సి.బి.ని, ఆర్.సి.సి.బి.ని కడిగి వాడరాదు, మార్చివేయాలి. మీటరు పెట్టెను మాత్రం గృహస్థు ముట్టుకోరాదు, అది విద్యుత్ సంస్థ పని.

ఎలక్ట్రీషియన్ వచ్చి అన్ని మీటలూ దించి, మెయిన్ వేసి, ఒక్కొక్క గదికి ఒక్కొక్కటిగా కరెంటు ఇస్తాడు. ఏదో ఒక గది దగ్గర ఆర్.సి.సి.బి. టక్కున పడిపోతుంది. మళ్లీ వేస్తే మళ్లీ పడుతుంది. అది చెడిపోయిందనుకొని దానిని తప్పించి నేరుగా తీగ కలపమని ఒత్తిడి చేసే ఇంటివారున్నారు. ఆ గది గోడలో తేమ ఇంకా ఉన్నదని మాత్రమే అది చెబుతున్నది. ఆ ఒక్క గది తీగను విడదీసి, మిగతా ఇంటికి కరెంటు ఇవ్వమంటే చాలు. గోడ ఆరడానికి వారాలు పట్టినా, వంటింట్లో దీపం ఆ రాత్రికే వెలుగుతుంది.